అన్నీ ఐదు స్టార్లే, అయినా స్కోర్ 82కి ఎందుకు పడింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఖమ్మం నుంచి అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ పనుల సైటులో ఎక్సెల్, డేటా పనులు చేస్తున్నారు. ఏడాదిన్నరలో 11 కాంట్రాక్టులు ముగిశాయి, అన్నింటికీ ఐదు స్టార్లే వచ్చాయి. అయినా ప్రొఫైల్ మీద శాతంగా చూపించే జాబ్ సక్సెస్ స్కోర్ 100 నుంచి ఒక్కసారిగా 82కి దిగింది. చివరి కాంట్రాక్టులో క్లయింట్ నాలుగుసార్లు మార్పులు చేయించుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా ముగించేశాడని రాశారు. ఇది లెక్కలో పొరపాటా, ఫైవర్ అనే మరో సైటుకి మారిపోవాలా, స్నేహితుడి చేత ఒక చిన్న ప్రాజెక్టు పెట్టించి ఐదు స్టార్లు వేయించుకుంటే సర్దుకుంటుందా అని అడిగారు.

నాది వెబ్‌సైట్ల మరమ్మతు పని. ఓడెస్క్, ఈలాన్స్ అనే సైట్లు విడివిడిగా ఉన్న రోజుల నుంచి ఇదే చేస్తున్నాను. అవి రెండూ కలిసి 2015లో అప్‌వర్క్ అన్న పేరు పెట్టుకున్నాయి. ఇన్నేళ్లలో వేర్వేరు సైట్లలో పనిచేశాను. స్కోర్ పడిన రోజు రాత్రి నిద్ర పట్టకపోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ 82 చూడగానే కాగితం తీసుకుని లెక్క వేశాను. అప్‌వర్క్ బయటికి చెప్పిన సూత్రం చిన్నదే. మంచిగా ముగిసిన కాంట్రాక్టుల నుంచి చెడుగా ముగిసినవాటిని తీసేసి, వచ్చినదాన్ని మొత్తం కాంట్రాక్టులతో భాగిస్తారు. మీకు మొత్తం 11 ఉన్నాయి. అందులో ఒకటి చెడుగా ముగిసిందనుకోండి. 10లో 1 తీసేస్తే 9. 9ని 11తో భాగిస్తే 0.818, అంటే 82 శాతం. కాంట్రాక్టు ఎంత డబ్బుదన్నదాన్ని బట్టి లెక్కలో దాని బరువు మారుతుంది కాబట్టి అసలు లెక్క కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ఇంత సరిగ్గా సరిపోయిందంటే, మీకు తగిలింది ఒకే ఒక్క చెడ్డ ముగింపు అని నా నమ్మకం.

ఈ సూత్రంలో చాలామంది గమనించనిది ఆ తీసివేత. 11లో 10 బాగుంటే 91 రావాలి కదా అనుకుంటాం. ఎంసెట్‌లో తప్పు రాస్తే ఆ ఒక్క మార్కు రాదు, అంతే. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది గానీ, సరైన జవాబుకి నాలుగు వస్తాయి. ఇక్కడ మాత్రం ఒక చెడ్డ ముగింపు తనతోపాటు ఒక మంచి ముగింపును కూడా మింగేస్తుంది. అందుకే పది పనుల్లో ఒకటి చెడితే స్కోర్ 90 కాదు, 80. కొత్తవాళ్లకు ఇది మరీ కష్టం. ఐదు పనులున్నవాళ్లకి ఒకటి చెడితే 60కి వెళ్తారు. వంద పనులున్నవాళ్లకి అదే దెబ్బ రెండు పాయింట్లు మాత్రమే.

మరి అన్నీ ఐదు స్టార్లే అయినప్పుడు చెడ్డ ముగింపు ఎక్కడి నుంచి వచ్చింది? మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

కాంట్రాక్టు ముగించేటప్పుడు క్లయింట్ రెండు రకాల అభిప్రాయాలు ఇస్తాడు. ఒకటి అందరికీ కనిపించేది. నైపుణ్యం, పని నాణ్యత, మాట్లాడే తీరు, గడువు పాటించడం, అందుబాటులో ఉండడం, సహకారం అనే అంశాలకు విడివిడిగా స్టార్లు వేస్తాడు, కింద రెండు ముక్కలు రాస్తాడు. రెండోది రహస్యంగా ఉంటుంది. ఈ మనిషిని మీ స్నేహితులకో, తోటి ఉద్యోగులకో సిఫారసు చేసే అవకాశం ఎంత అని అడిగి, 0 నుంచి 10 వరకు ఒక అంకె ఎంచుకోమంటారు. ఆ అంకె మీకెప్పటికీ కనిపించదు. స్కోర్‌లోకి మాత్రం వెళ్తుంది. మీ క్లయింట్ బయట ఐదు స్టార్లు వేసి, లోపల ఐదో ఆరో నొక్కి వెళ్లిపోయి ఉంటాడు.

ఈ సిఫారసు ప్రశ్న అప్‌వర్క్ కనిపెట్టింది కాదు. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికన్ కన్సల్టెంట్ 2003లో దీన్ని నెట్ ప్రమోటర్ స్కోర్ పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు మనకు ఎస్సెమ్మెస్‌లో పంపే ప్రశ్న కూడా ఇదే. ఆ పద్ధతిలో 9, 10 ఇచ్చినవాళ్లే మెచ్చుకున్నవాళ్లు. 7, 8 ఇచ్చినవాళ్లు ఎటూ చేరరు. 0 నుంచి 6 దాకా ఏది ఇచ్చినా పెదవి విరిచినవాళ్ల కిందే లెక్క. మెచ్చినవాళ్ల శాతంలోంచి విరిచినవాళ్ల శాతం తీసేస్తే స్కోర్. ఈ తీసివేత మీకు ఇప్పటికే పరిచయమైంది. అప్‌వర్క్ ఏ అంకెను మంచి అంటుందో, ఏది చెడు అంటుందో గీత గీసి చూపలేదు గానీ, ఆలోచన ఒకే కుదురు నుంచి వచ్చిందని స్పష్టంగా కనిపిస్తుంది. మన బడుల్లో పదికి ఎనిమిది వస్తే ఇంట్లో పండగ. ఈ లెక్కలో ఎనిమిదికి విలువ సున్నా. ఆరు అయితే ఏకంగా నష్టం. పదికి ఆరు ఇచ్చిన క్లయింట్ తాను ఫస్ట్ క్లాస్ ఇచ్చాననుకుని సంతోషంగానే వెళ్లి ఉండొచ్చు.

ఈ దొంగచాటు ప్రశ్న ఎందుకని కోపం రావడం సహజం. కారణం ఉంది. ఎదుటి మనిషికి కనిపించేలా తక్కువ స్టార్లు వేయడానికి ఎవరికీ చేతులు రావు. అయ్యో, అతని పొట్ట కొట్టినట్టవుతుందేమో అన్న జాలి ఒకటి, తిరిగి తిడతాడేమో అన్న జంకు ఒకటి. అపోస్టొలోస్ ఫిలిపాస్, జాన్ హోర్టన్, జోసెఫ్ గోల్డెన్ అనే పరిశోధకులు ఒక పెద్ద ఆన్‌లైన్ పనుల మార్కెట్ రికార్డులు చూశారు. పూర్తి ఐదు స్టార్లు వచ్చిన పనులు మొదట్లో 33 శాతం ఉంటే, ఆరేళ్లు తిరిగేసరికి 85 శాతం అయ్యాయి. అదే సమయంలో క్లయింట్లు రహస్యంగా ఇచ్చిన అభిప్రాయాలు మాత్రం అలా పెరగలేదు. అంటే పని నాణ్యత అంత పెరిగిందని కాదు, మొహమాటం పెరిగింది. అందరికీ ఐదే ఉన్నప్పుడు ఆ ఐదు చూసి క్లయింట్ ఎవరినీ ఎంచుకోలేడు. అందుకే కంపెనీలు మొహమాటం లేని చోట అడిగి, దానితో లెక్క కట్టడం మొదలుపెట్టాయి.

ఆ మేరకు రహస్యం సబబే అంటాను. ఎవరు ఎంత ఇచ్చారో మనకు చెబితే ఆ అంకె కూడా రెండేళ్లలో పదికి పది అయిపోతుంది. కానీ ఏ విషయంలో అసంతృప్తి కలిగిందో కూడా చెప్పకపోవడం అన్యాయం. గడువా, మాట తీరా, పని నాణ్యతా అన్నది నాలుగైదు కాంట్రాక్టులు కలిపి, పేరు బయటపడకుండా చెప్పొచ్చు. జబ్బు పేరు చెప్పకుండా జ్వరం ఎంతో మాత్రం చెబితే మందు ఎలా వేసుకుంటాం? ఐరోపా సమాఖ్య 2024లో ప్లాట్‌ఫారమ్ పనివాళ్ల (యాప్‌లు, సైట్ల ద్వారా పనిచేసేవాళ్ల) కోసం తెచ్చిన డైరెక్టివ్‌లో, అంటే సభ్య దేశాలకు ఇచ్చిన ఆదేశంలో, కంప్యూటర్ లెక్కలు పనివాళ్ల మీద ఎలా నిర్ణయాలు తీసుకుంటున్నాయో వాళ్లకు తెలపాలన్న నియమం ఉంది. మనకూ అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక బరువుల సంగతి. పెద్ద మొత్తం కాంట్రాక్టు చిన్నదానికంటే ఎక్కువ లెక్కకు వస్తుంది. నెలల తరబడి డబ్బులు వస్తూ సాగే కాంట్రాక్టు కూడా మీకు కలిసొస్తుంది. మనిషి మళ్లీ మళ్లీ డబ్బు ఇస్తున్నాడంటే అంతకు మించిన సిఫారసు లేదన్నది వాళ్ల తర్కం, నాకు అది నచ్చుతుంది. కాలం లెక్క ఇంకొకటి. గత 6 నెలలకు, 12 నెలలకు, 24 నెలలకు వేర్వేరుగా లెక్క కట్టి, మూడింటిలో ఏది ఎక్కువైతే అది చూపిస్తారు. కొత్తగా ఏ పనీ ముగియకపోయినా ఒక్కోసారి స్కోర్ కదలడానికి కారణం ఇదే. పాత కాంట్రాక్టు ఏదో ఆ నెలల లెక్కలోంచి బయటికి జారిపోయి ఉంటుంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. సైటు పేరు ఇక్కడ అవసరం లేదు. ఆస్ట్రేలియాలో ఒక బేకరీ నడిపే ఆవిడకు వెబ్‌సైట్ బాగుచేసే పని ఒప్పుకున్నాను. మధ్యలో ఇంకో రెండు పేజీలు కావాలంది, అలాగే అన్నాను. ఫోటోలు కూడా మార్చమంది, అలాగే అన్నాను. కాదనడం మనకు రాదు కదా. పని పెరిగింది, గడువు ఎప్పటిలాగే ఉంది. చివరి రెండు రోజులు ఆవిడ మెసేజ్‌లకు జవాబివ్వలేదు. మొత్తం పూర్తి చేసి ఒకేసారి చూపించి సంతోషపెడదాం అనుకున్నాను. చూపించాను, బాగుందంది, ఐదు స్టార్లు వేసింది, మంచి మాటలు రాసింది. తర్వాత స్కోర్ చూస్తే 100 కాస్తా 88 అయింది. అప్పటికి నావి 16 కాంట్రాక్టులు. 15లో 1 తీసేసి 16తో భాగించి చూడండి, 87.5 వస్తుంది. ఆ మధ్యలో ముగిసింది ఆవిడ కాంట్రాక్టు ఒక్కటే.

కొన్ని నెలల తర్వాత చిన్న మరమ్మతు కోసం ఆవిడే మళ్లీ పలకరించింది. మాటల్లో అడిగాను. పని చాలా బాగుంది, కానీ ఆ రెండు రోజులూ నా పాస్‌వర్డ్‌లన్నీ పట్టుకుని మాయమైపోయావనుకున్నాను, రాత్రి నిద్రపోలేదు అంది. నేను ఆవిడ కోసం రాత్రింబవళ్లు కూర్చున్న రెండు రోజులు ఆవిడకు నరకంగా గడిచాయి. పని నాణ్యతకు ఆవిడ పదికి పదే ఇచ్చేది. కానీ అడిగింది దాని గురించి కాదు, ఇతన్ని నీ స్నేహితులకు చెబుతావా అని. చెప్పదు కదా. నిద్ర లేకుండా చేసిన మనిషిని నేనైనా చెప్పను.

అందుకే మీ 82ని మీ ఎక్సెల్ నైపుణ్యానికి పడిన మార్కుగా చూడకండి. ఈ స్కోర్లు కొలిచేది పనిని కాదు. మీతో పనిచేసిన క్లయింట్ ఎంత నిశ్చింతగా ఉన్నాడో, మళ్లీ ఆ సైటుకు డబ్బుతో వస్తాడో లేదో కొలుస్తాయి. సైటు బతికేది అతను తిరిగి రావడం మీదే. నాలుగుసార్లు మార్పులు చేయించుకున్న మీ క్లయింట్ వైపు నుంచి ఒకసారి చూడండి. మొదటి విడతలోనే అతనికి కావలసింది ఏమిటో తేలి ఉండాల్సింది. తప్పు అతనిదే కావచ్చు, సరిగ్గా చెప్పి ఉండడు. కానీ అతని దృష్టిలో మిగిలింది నాలుగుసార్లు అడగాల్సి వచ్చింది అన్న విసుగే.

ఫైవర్‌కి మారితే ఈ బాధ తప్పుతుందా అంటే, తప్పదు. ఇజ్రాయెల్‌లో 2010లో మొదలైన ఆ సైటు 2024 మొదట్లో తన లెవెల్స్ పద్ధతి, అంటే పనిచేసేవాళ్లకు ఇచ్చే హోదాల పద్ధతి మార్చింది. ఇప్పుడు అక్కడ సక్సెస్ స్కోర్ అని 1 నుంచి 10 వరకు ఒక అంకె ఉంది. క్లయింట్ సంతృప్తి, మాట్లాడే తీరు, గొడవలు, రద్దయిన ఆర్డర్లు, పని అందించిన సమయం, డబ్బుకు తగ్గ విలువ వంటివన్నీ అందులో కలుస్తాయి. అదే విభాగంలోని మిగతా అమ్మకందారులతో పోల్చి చూస్తారు. 2024లో పెట్టిన షరతుల ప్రకారం లెవెల్ 1 రావాలంటే సక్సెస్ స్కోర్ కనీసం 5, రేటింగ్ 4.4, కొత్తవాళ్ల మెసేజ్‌లకు జవాబిచ్చే శాతం 90 ఉండాలన్నారు. లెవెల్ 2కి స్కోర్ 7, అన్నిటికంటే పైదైన టాప్ రేటెడ్‌కి 9 అన్నారు. అక్కడ కూడా స్టార్ల వెనక ఇంకో లెక్క నడుస్తోంది. పైగా 24 గంటల్లోపు జవాబివ్వకపోతే శాతం తగ్గుతుంది. ఫ్రీలాన్సర్ డాట్ కామ్ వేరే దారి పట్టింది. గడువులో ఇచ్చినవి, బడ్జెట్ దాటనివి, పూర్తి చేసినవి, మళ్లీ పిలిచిన క్లయింట్లు అని విడివిడి శాతాలు ప్రొఫైల్ మీదే కనిపిస్తాయి. నాకైతే ఎక్కడ తగ్గామో తెలిసే ఆ పద్ధతే కొంత నయం. ఏదైనా, ఇక్కడ 11 కాంట్రాక్టుల చరిత్ర వదిలేసి అక్కడ సున్నా నుంచి మొదలుపెట్టడం మీకు నష్టమే. రెండో చోట అదనంగా ఖాతా తెరిస్తే తెరవండి.

సున్నా నుంచి మొదలుపెట్టడం ఎంత కష్టమో అంకెలతో చూపించిన ప్రయోగం ఒకటుంది. అమాండా పల్లైస్ అనే ఆర్థికవేత్త ఓడెస్క్‌లో 952 మందికి లాటరీ వేసినట్టు డేటా ఎంట్రీ పని ఇచ్చి, వాళ్లకు రేటింగ్ ఇచ్చింది. అలా ఒక్క పని దొరికినవాళ్లకు, దొరకనివాళ్లతో పోలిస్తే ఆ తర్వాత ఎక్కువ పని, ఎక్కువ ఆదాయం వచ్చాయి. ఆ ప్రయోగం ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. సామర్థ్యం ఉండి కూడా మొదటి రేటింగ్ లేక ఆగిపోయినవాళ్లు ఎందరో అందులో కనిపిస్తారు. మీరు ఆ గోడ ఇప్పటికే దాటారు.

స్నేహితుడి ప్రాజెక్టు సంగతి. దయచేసి చేయకండి. అది నియమాలకు విరుద్ధం. ఒకే ఊరు, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్, ఒకే ఫోన్, కార్డు వివరాలు, ఇవన్నీ సైటుకు కనిపిస్తూనే ఉంటాయి. దొరికితే స్కోర్ కాదు, ఖాతాయే పోతుంది. ఖాతా పోయి ఏళ్ల కష్టం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఇక లెక్క చూసినా, 12లో 11 మంచివి అయితే 11లో 1 తీసేసి 12తో భాగించాలి, 83.3 వస్తుంది. అదీ ఐదు డాలర్ల ప్రాజెక్టుకు పెద్ద కాంట్రాక్టుతో సమానంగా బరువు ఇస్తేనే. ఆ ఒక్క పాయింటు కోసం ఇంత ప్రమాదం దేనికి?

మరి ఎలా పెరుగుతుంది? చెడ్డది ఒక్కటే ఉందనుకుంటే, మొత్తం 20 అయ్యేసరికి 19లో 1 తీసేసి 20తో భాగిస్తే 90. అంటే మరో తొమ్మిది మంచి ముగింపులు కావాలి. అప్‌వర్క్‌లో టాప్ రేటెడ్ బ్యాడ్జికి కావలసిన షరతుల్లో 90 శాతం ఒకటి, 12 నెలల్లో 1,000 డాలర్ల సంపాదన ఇంకొకటి. తొమ్మిది అనగానే భయపడకండి. ఆ చివరి కాంట్రాక్టు ముగిసి ఆరు నెలలు దాటాక, 6 నెలల లెక్కలో అది ఉండదు. ఈలోగా మీకు తగినన్ని మంచి కాంట్రాక్టులు ముగిస్తే ఆ లెక్కే పైకి వచ్చి కనిపిస్తుంది. కాబట్టి ఈ ఆరు నెలలూ అప్లై చేయడం ఆపకండి. 82 చూసి సిగ్గుపడి మూడు నెలలు మానేసినవాళ్ల పరిస్థితి ఇంకా పాడవుతుంది, కొత్త ముగింపులు లేక పాతదే తిరిగి తిరిగి కనిపిస్తుంది.

కొత్త పని ఒప్పుకునే ముందు క్లయింట్ పేజీ చివరి దాకా చదవండి. అతను ఇతరులకు ఎన్ని స్టార్లు ఇచ్చాడు, ఇతరులు అతని గురించి ఏం రాశారు అన్నది అక్కడే ఉంటుంది. అందరికీ మూడు, నాలుగు వేసే మనిషి మీకు మాత్రం ఐదు వేస్తాడని ఆశపడొద్దు. నా విషయంలో స్కోర్‌ను కాపాడింది బాగా చేసిన పనులకంటే, వద్దనుకున్న పనులే.

పని మొదలయ్యాక రోజూ రెండు వాక్యాల మెసేజ్ పంపండి, ఈరోజు ఏం చేశాను, రేపు ఏం చేస్తాను అని. అమెరికా వాళ్లయితే మన ఉదయం పంపితే వాళ్లకు సాయంత్రం, చదివి నిశ్చింతగా పడుకుంటారు. పని పెరిగితే అలాగే అనకుండా, ఇది ముందు అనుకున్నదానికి అదనం, ఇంత సమయం, ఇంత డబ్బు పడుతుంది అని రాతపూర్వకంగా చెప్పండి. గడువు దాటేలా ఉంటే దాటకముందే చెప్పండి. కరెంటు పోయిందన్న మాట ముందు రోజు చెబితే కారణం, తర్వాత చెబితే సాకు.

అన్నిటికంటే ముఖ్యం, కాంట్రాక్టు ముగిసే ముందు రోజు. అప్పుడు స్టార్లు అడగకండి. మీరు అనుకున్నదానికి తేడాగా ఏదైనా ఉందా, ముగించేలోపు సరిచేస్తాను అని అడగండి. లోపల నొక్కాలనుకున్న ఆరు అక్కడే మాటగా బయటికి వచ్చేస్తుంది. పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఏదో ఒకటి చెబుతారు, చాలాసార్లు పావుగంట పని. కాంట్రాక్టు ముగిశాక ఇద్దరికీ అభిప్రాయం రాయడానికి 14 రోజులుంటాయి. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు తీరేదాకా ఒకరిది ఒకరికి కనిపించదు. కాబట్టి కోపంతో ముందుగా మీరు ఏదో రాసి అతన్ని ఇబ్బంది పెట్టే అవకాశమూ లేదు, అవసరమూ లేదు. మీది మర్యాదగా రాసేయండి.

ఆ పాత క్లయింట్‌కి మాత్రం స్కోర్ గురించి మెసేజ్ పెట్టకండి. రహస్య అభిప్రాయం మార్పించడానికి వెంటపడితే ఫిర్యాదు దాకా వెళ్తుంది. పెట్టాలనిపిస్తే ఫైలు సరిగ్గా నడుస్తోందా అని మాత్రమే అడగండి.

వీలైతే మీ 11 కాంట్రాక్టులు ఏ నెలలో ముగిశాయో, ఒక్కోటి ఎన్ని డాలర్లో ఇక్కడ రాయండి, క్లయింట్ల పేర్లు వద్దు. 6 నెలల లెక్క మీకు ఎప్పుడు కలిసొస్తుందో కూర్చుని చూద్దాం.